విశాఖలో ముగిసే నాటకం: గురజాడ అప్పారావు జీవితం

కన్యాశుల్కం నాటకం విజయనగరంలో మొదలై విశాఖపట్నంలో ముగుస్తుంది. సినిమా మాత్రమే చూసినవాళ్ళకి ఈ సంగతి అంతగా గుర్తుండదు. బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒంటరిగా నిలబడి తన కష్టాలు తనే చెప్పుకుంటుండగా తెర లేస్తుంది. చివరి అంకానికి వచ్చేసరికి ముఖ్యమైన పాత్రలన్నీ ఏదో ఒక దావా పట్టుకుని విశాఖ చేరతాయి. అప్పటి విశాఖలో ఇప్పుడున్న రేవు లేదు, ఉక్కు కర్మాగారం లేదు. పెద్ద ఓడలు లోపలికి వచ్చే హార్బరు తెరుచుకున్నది 1933లో. గురజాడ నాటి విశాఖ అంటే జిల్లా కచేరీలు, వకీళ్ళు, పూటకూళ్ళ ఇళ్ళు, సాక్ష్యం చెప్పడానికి పల్లెల నుంచి వచ్చి దిగాలుగా తిరిగే జనం.

ఈ రోజు అదే ఊళ్ళో సిరిపురం దగ్గర ఆయన పేరు మీద గురజాడ కళాక్షేత్రం ఉంది. అది పెద్ద వేదిక. దానికన్నా చిన్న హాళ్ళలో, కాలనీ వేదికల మీద, పగలు ఉద్యోగం చేసి సాయంత్రం రిహార్సల్‌కి వచ్చే నటులతో తెలుగు నాటకం ఇంకా ఊపిరి పీలుస్తోంది. ఏ కొత్త నాటకం రాసినా, ఏ పాత నాటకాన్ని మళ్ళీ ఎత్తుకున్నా ఈ ఊళ్ళో గురజాడతో పోలిక రాక తప్పదు. నూటముప్పై ఏళ్ళు దాటినా ఆ నీడ తొలగలేదు. ఆ మనిషి ఎవరు, ఎలా బతికాడు, ఏమి గెలిచాడు, ఏమి ఓడాడు అన్నది తెలుసుకోవాల్సిన విషయమే.

గురజాడ వెంకట అప్పారావు 1862 సెప్టెంబర్ 21న పుట్టారు. పుట్టింది మేనమామగారి ఊరు రాయవరంలో. ఎలమంచిలి దగ్గర ఎస్.రాయవరం అంటే ఇప్పటివాళ్ళకి తెలుస్తుంది. అప్పట్లో అది విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. తండ్రి వెంకట రామదాసు, తల్లి కౌసల్యమ్మ. తండ్రి విజయనగరం సంస్థానం కొలువులో పేష్కారుగానూ, ఖిల్లేదారుగానూ పనిచేశారు. ఉర్దూ చదివినవాళ్ళకి ఈ రెండు మాటలూ విప్పి చెప్పనక్కర్లేదు. తెలుగు బ్రాహ్మణ కుటుంబం అన్నం తిన్నది ఫార్సీ పేరున్న ఉద్యోగం వల్ల. ఆ కొలువిచ్చిన పూసపాటి మహారాజుల బిరుదుల్లోనే మీర్జా అని, మన్య సుల్తాన్ బహదూర్ అని ఉండేది. ఆ కాలం ఉత్తరాంధ్రలో భాషలు అలా కలిసిపోయి ఉండేవి. ఈ కలగలుపు తర్వాత ఆయన నాటకంలోకి కూడా వచ్చింది.

చిన్నప్పటి చదువు చీపురుపల్లిలో. తండ్రి పోయాక కుర్రవాడు విజయనగరం వచ్చాడు. చేతిలో డబ్బు లేదు. మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు చేరదీసి ఇంట్లో చోటిచ్చారు. 1882లో మెట్రిక్, 1884లో ఎఫ్.ఏ. పాసయ్యారు. ఆ ఏడే మహారాజా హైస్కూల్లో పాతిక రూపాయల జీతం మీద టీచర్‌గా చేరారు. ఉద్యోగం చేస్తూనే 1886లో బి.ఏ. పూర్తి చేశారు. డిప్టీ కలెక్టర్ ఆఫీసులో కొన్నాళ్ళు హెడ్ క్లర్కు పని కూడా చేశారు. కచేరీ గుమాస్తాలు, ప్లీడర్లు, దొంగసాక్షులు ఎలా మాట్లాడతారో ఆయనకి పుస్తకాల వల్ల తెలిసింది కాదు. తర్వాత కళాశాలలో లెక్చరర్ అయ్యారు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఆయనకి చదువుకునే రోజుల నుంచీ స్నేహితుడు. ఇద్దరూ ముసలితనం దాకా ఒకే పోరాటంలో ఉంటారని అప్పుడు ఎవరూ అనుకుని ఉండరు.

ఆయన మొదట రాసింది తెలుగులో కాదు, ఇంగ్లీషులో. సారంగధర అనే కావ్యాన్ని ఇంగ్లీషు పద్యాల్లో రాశారు. కలకత్తాలో శంభుచంద్ర ముఖర్జీ గారు నడిపే పత్రికలో అది మళ్ళీ అచ్చయింది. ఆ పత్రిక పేరు రయీస్ అండ్ రయ్యత్. ఇంగ్లీషు పత్రికే, కానీ పేరులో రెండు మాటలూ ఉర్దూవి. ముఖర్జీ గారు మెచ్చుకుంటూనే, పరాయి భాషలో ఎంత బాగా రాసినా అది సొంతం కాదని, మాతృభాషలో రాయమని సలహా ఇచ్చారు. బెంగాలీ పెద్దమనిషి ఇచ్చిన ఆ సలహా తెలుగువాళ్ళకి ఎంత మేలు చేసిందో లెక్క కట్టలేం.

మహారాజా ఆనంద గజపతి రాజుకి సంగీతం, సాహిత్యం, చర్చలు అంటే మోజు. గురజాడకి ఆయన ఆదరణ దొరికింది. 1891లో సంస్థానం శాసన పరిశోధకుడిగా నియమించారు. రాతి మీద శాసనాలు చదివే పని. రాజుగారు సంఘ సంస్కరణ మీద కూడా ఆసక్తి ఉన్నవారు. ఆ రోజుల్లో బ్రాహ్మణ కుటుంబాల్లో కన్యాశుల్కం అనే ఆచారం ఉండేది. ఆడపిల్ల తండ్రి వరుడి దగ్గర డబ్బు తీసుకుని పిల్లనిచ్చేవాడు. డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది? ముసలివాళ్ళ దగ్గర. దాంతో పసిపిల్లలు ముసలి మొగుళ్ళకి పెళ్ళాలై, పదేళ్ళు రాకుండానే విధవలై, తలలు చెడి మూలన కూర్చునేవారు. మహారాజు విశాఖపట్నం జిల్లాలో ఇలాంటి పెళ్ళిళ్ళ లెక్క తీయించారు. మూడేళ్ళకి తేలిన లెక్క 1,034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లలకి కట్టిన వెల మూడువందల యాభై నుంచి నాలుగువందల రూపాయలు. గురజాడ తన నాటకం ముందుమాటలో ఈ అంకెలు అచ్చు వేశారు. నాటకం చూసి నవ్వేవాళ్ళు ఆ ముందుమాట చదివితే నవ్వు సగంలో ఆగిపోతుంది.

మద్రాసు శాసన మండలిలో మహారాజు దీని మీద బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. గురజాడ చేసింది ఏమిటంటే, అదే వ్యవహారాన్ని వేదిక ఎక్కించడం.

అప్పటికి తెలుగు నాటకం వయసు చాలా తక్కువ. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో వ్యవహార ధర్మబోధిని ఆడించింది 1880లో. ధార్వాడ నుంచి, బొంబాయి నుంచి వచ్చే కంపెనీల రంగుల తెరలు, పాటలు చూసి కోస్తా జనం నాటకాల పిచ్చిలో పడ్డారు. బందరులో నాదెళ్ళ పురుషోత్తమ కవి గారైతే హిందుస్తానీలోనే నాటకాలు రాసి ఆడించారు. చూసినవాళ్ళు తెలుగువాళ్ళే. ఈ ముక్క ఇప్పుడు చెబితే చాలామంది నమ్మరు. విజయనగరంలో జగన్నాథ విలాసిని సభ అనే సమాజం ఉండేది. అక్కడ సంస్కృత నాటకాల మర్యాద ఎక్కువ. తెలుగు అనే భాష, అందులోనూ ఇంట్లో మాట్లాడుకునే తెలుగు, నాటకానికి పనికిరాదన్నది చదువుకున్నవాళ్ళ అభిప్రాయం. ఈ అభిప్రాయాన్ని పడగొట్టడం కూడా తన ఉద్దేశమని గురజాడ దాపరికం లేకుండా చెప్పుకున్నారు.

1892 ఆగస్టు 13న ఆ సభవారు విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడారు. రాసినాయనకి ముప్పై ఏళ్ళు నిండలేదు.

కథ తెలిసినదే అయినా ఒకసారి గుర్తు చేసుకోవాలి. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు. పెద్ద కూతురు బుచ్చమ్మని ఇదివరకే ముసలివాడికిచ్చి విధవని చేశాడు. ఇప్పుడు చిన్న కూతురు సుబ్బిని రామచంద్రపురం అగ్రహారంలో లుబ్ధావధాన్లు అనే పిసినారి ముసలివాడికి అమ్మబోతున్నాడు. తల్లి వెంకమ్మ నూతిలో దూకబోతుంది. ఆమె అన్న కరటక శాస్త్రి ఒక ఉపాయం పన్నుతాడు. తన శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేసి, తక్కువ ధరకి ఆ ముసలివాడికే అంటగట్టి పెళ్ళి చేయిస్తాడు. పెళ్ళికూతురు ఓ రాత్రి మాయమైపోతుంది. చంపేశాడని లుబ్ధావధాన్ల మీద కేసు. ఇవతల గిరీశం, ట్యూషన్ మాస్టరుగా అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో చేరి, విధవా వివాహం గురించి ఉపన్యాసాలు చెప్పి బుచ్చమ్మని లేవదీసుకుపోతాడు. అన్ని ముడులూ విశాఖలో సౌజన్యారావు పంతులు అనే మంచి వకీలు ఇంట్లో విడిపోతాయి. విప్పేది వకీలు కాదు, మధురవాణి అనే వేశ్య.

ఇందులో ఒక చమత్కారం ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆ రోజుల్లో నాటకాల్లో ఆడవేషాలన్నీ మగవాళ్ళే వేసేవారు. చీర కట్టిన మగవాణ్ణి ఆడదని ప్రేక్షకుడు ఒప్పుకుని కూర్చోవాలి, అది నాటకం రూలు. గురజాడ అదే రూలు తీసుకుని కథలో మోసంగా మార్చారు. చీర కట్టిన మగపిల్లవాణ్ణి లుబ్ధావధాన్లు కూడా ఆడదని ఒప్పుకుంటాడు, అయితే డబ్బిచ్చి మరీ. వేలానికి పెట్టిన సరుకు అసలు పిల్లేనా అని కూడా చూసుకోని పెళ్ళి అది. హాల్లో నవ్వు ఎక్కువ వినిపించేది ఇక్కడే. పెళ్ళిలో ఆడపిల్లకి ఉన్న విలువ ఏపాటిదో తేలేది కూడా ఇక్కడే.

1897లో నాటకం మద్రాసులో వావిళ్ళవారి అచ్చులో పుస్తకంగా వచ్చింది. ఆనంద గజపతికి అంకితం. ఆ సంవత్సరమే మహారాజు చనిపోయారు. అదే ఏడు వేదం వేంకటరాయ శాస్త్రి గారి ప్రతాపరుద్రీయం కూడా వచ్చింది. అందులో పాత్రని బట్టి భాష మారుతుంది, ముస్లిం పాత్రలు ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడతాయి. కానీ అక్కడ గొప్పవాళ్ళు గ్రంథం మాట్లాడతారు, కిందివాళ్ళే వాడుక మాట్లాడతారు. గురజాడ దగ్గర ఆ తేడా లేదు. అవధాన్లు, వకీలు, వేశ్య, బంట్రోతు అందరూ నోటితో మాట్లాడే తెలుగే మాట్లాడతారు. కోర్టు వ్యవహారం వచ్చినప్పుడు కచేరీ మాటలు, గిరీశం నోట ఇంగ్లీషు ముక్కలు, పురోహితుల నోట సంస్కృతం. దావా, రుజువు, జామీను, సర్కారు, దస్తావేజు లాంటి మాటలు తీసేస్తే ఆ కాలం విశాఖ జిల్లా తెలుగు నిలబడదు. భాష శుద్ధంగా ఉండాలన్నవాళ్ళకి ఇది మైల. గురజాడకి ఇదే భాష.

రాజుగారు పోయాక ఆయన చెల్లెలు, రీవా మహారాణి అప్పలకొండమాంబ గారికి గురజాడ కార్యదర్శి అయ్యారు. సంస్థానం వారసత్వం మీద వ్యాజ్యాలు ఏళ్ళ తరబడి నడిచాయి. కాగితాలు, వకీళ్ళు, ప్రయాణాలు. ఆరోగ్యం అంతంతమాత్రం. రచయితగా చూస్తే ఈ పన్నెండేళ్ళు వృథా అనిపిస్తుంది. కానీ 1909లో కన్యాశుల్కం రెండో కూర్పు వచ్చినప్పుడు తెలిసింది, ఆయన ఊరికే కూర్చోలేదని. మొదటిది అయిదు అంకాలు. రెండోది ఏడు అంకాలు, దాదాపు కొత్త నాటకం. వ్యాజ్యాల్లో చూసిన మనుషులంతా అందులోకి వచ్చి చేరారు.

అన్నిటికన్నా పెద్ద మార్పు మధురవాణి. రెండో కూర్పులో నాటకమే ఆమె చేతికి వెళ్ళింది. ఇక్కడ కాస్త ఆగాలి. అది సానిమేళాలకి వ్యతిరేకంగా సంస్కర్తలు గట్టిగా ఉద్యమం చేస్తున్న కాలం. గురజాడ స్నేహితుల్లో, గౌరవించే పెద్దల్లో ఆ ఉద్యమకారులు ఉన్నారు. సౌజన్యారావు పంతులు ఆ తరహా మనిషే. వేశ్య ముఖం చూడనని నియమం పెట్టుకున్నవాడు. అలాంటివాడి ఇంటికి మధురవాణి మగవేషంలో వెళుతుంది. లుబ్ధావధాన్లని ఉరి నుంచి తప్పించే కీలకం తన దగ్గర ఉంది, దానికి ధరగా ఒక ముద్దు అడుగుతుంది. ఒక ప్రాణం కోసం తన నియమాన్ని వదులుకోవాలా అని ఆ పెద్దమనిషి నలిగిపోతాడు. తీరా ఆయన ఒప్పుకునే వేళకి, మంచివాణ్ణి చెడపకూడదని ఆమే ఆగిపోతుంది. నాటకంలో ఎవరికి నీతి ఉంది అని అడిగితే జవాబు ఆ గదిలో దొరుకుతుంది. సంస్కర్తని వెక్కిరించకుండానే అతని అద్దంలో మచ్చ చూపించారు గురజాడ. సంస్కరణ పక్షాన ఉండి ఇలా రాయడానికి గుండె ధైర్యం కావాలి.

1910 ఆయనకి మంచి సంవత్సరం. ముత్యాల సరాలు వచ్చింది. ఈ ఛందస్సు నడకలో పారశీక గజల్ ఛాయ ఉందన్న విమర్శకులు కూడా ఉన్నారు. పుత్తడిబొమ్మ పూర్ణమ్మ కథ, ముసలివాడికి అమ్ముడుపోయిన పిల్ల కథ, కన్యాశుల్కంలో నవ్వించిన విషయాన్నే ఏడుపుగా చెప్పింది. అదే ఏడు దిద్దుబాటు కథ అచ్చయింది. ఆ కాలంలోనే మతము - విమతము అనే కథ రాశారు. పెద్దమసీదు అని కూడా దాన్ని అంటారు. శ్రీకాకుళంలో గుడి ఉన్న చోట మసీదు లేచిన సంగతి చుట్టూ తిరిగే కథ. ఇలాంటి విషయం తీసుకుని ఎవరినో ఒకరిని దుర్మార్గుల్ని చేయడం చాలా తేలిక. గురజాడ ఆ తేలిక దారిలో పోలేదు. రెండు వైపులా మనుషులే ఉంటారు, చుట్టరికాలు ఉంటాయి, మతం మారినా నెత్తురు మారదు. ఈ రోజుల్లో ఈ కథని ఎవరైనా నాటికగా మలిచి చిన్న వేదిక మీద ఆడితే ఎంత బాగుండును. పాత్రలు తక్కువ, ఖర్చు తక్కువ, విషయం మాత్రం బోలెడు.

ఇక చివరి పోరాటం. విద్యాశాఖలో ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, విశాఖ ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గిడుగు రామమూర్తి, గురజాడ. ఈ నలుగురూ కలిసి, బడిలో పిల్లలు రాసే తెలుగు వాళ్ళు మాట్లాడే తెలుగుకి దగ్గరగా ఉండాలని వాదించారు. ఈ ఉద్యమం పుట్టింది విశాఖ, విజయనగరం, పర్లాకిమిడి ప్రాంతంలో. అవతల జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వంలో పండితులు, జమీందారులు. గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయం సంఘంలో సభ్యులుగా ఉన్నారు. అక్కడ గ్రాంథికం వైపే మొగ్గు కనపడింది. అప్పుడు ఆయన 1914లో అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. ఊరికే ఒప్పుకోను అని సంతకం పెట్టి ఊరుకోలేదు. పుస్తకమంత పత్రం, ఉదాహరణలతో సహా. గ్రాంథికం గొప్పదని చెప్పేవాళ్ళే దాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని వాళ్ళ రాతల్లోంచే చూపించారు.

ఓడిపోయారు. విశ్వవిద్యాలయం గ్రాంథికానికే ఓటు వేసింది. ఆ తీర్పు తర్వాతి తరాలు మార్చుకున్నాయి గానీ అది చూడటానికి ఆయన లేరు. 1913లో సంస్థానం కొలువు నుంచి విశ్రాంతి తీసుకున్నారు. కొత్త ఇల్లు, కుటుంబం, తగ్గని జబ్బు. 1915 నవంబర్ 30న విజయనగరంలో కన్నుమూశారు. వయసు 53. కొండుభట్టీయం, బిల్హణీయం అని మరో రెండు నాటకాలు మొదలుపెట్టారు. రెండూ పూర్తి కాలేదు.

మనిషి పోయాక నాటకం బతకడం అంత సులువుగా జరగలేదు. కన్యాశుల్కం రెండో కూర్పు మొత్తం ఆడాలంటే ఒక రాత్రి చాలదు. పాత్రలు బోలెడు, సీన్లు ఇంకా ఎక్కువ. పద్యం లేదు, పాట దాదాపు లేదు. రాగం తీస్తే వన్స్ మోర్ అనే కాలంలో ఇది గట్టి లోటు. అందువల్ల చాలాకాలం దాన్ని చదువుకునే పుస్తకంగానే చూశారు. ఆడాలంటే కొయ్యాలి. కోత ఎలా కోయాలన్నది అప్పటి నుంచీ పెద్ద సమస్య.

ఈ పని చేసినవాళ్ళలో విశాఖ మనిషి అబ్బూరి రామకృష్ణారావు గారు ముఖ్యులు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారి. వాల్తేరులో నటాలి అనే సమాజం పెట్టి, కన్యాశుల్కాన్ని వేదికకి సరిపడా కుదించారు. పుస్తకాలు చూసుకునే ఉద్యోగి, పుస్తకం పక్కన పెట్టి నాటకం చేతికి తీసుకున్నారు. విజయనగరంలో జె.వి. రమణమూర్తి, ఆయన అన్న సోమయాజులు 1953 నుంచి ఈ నాటకాన్ని ఆడటం మొదలుపెట్టారు. రమణమూర్తి గిరీశం, సోమయాజులు రామప్ప పంతులు. శంకరాభరణం శంకరశాస్త్రిగా దేశమంతా ఎరిగిన ఆ ముఖం, అంతకు చాలా ముందు రామప్ప పంతులు వేషంలో ఉత్తరాంధ్ర జనాన్ని నవ్వించింది. 1955లో సినిమా వచ్చింది. ఎన్.టి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. సినిమా పెద్దగా ఆడలేదంటారు గానీ మధురవాణి అంటే సావిత్రి ముఖమే గుర్తొచ్చేలా చేసింది. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ తిక్కన, వేమనల సరసన గురజాడని కూర్చోబెట్టి తన కవిత్రయం అన్నారు. దాంతో కవిగా పీట ఖాయమైంది. నాటకకర్తగా ఆయన్ని కాపాడింది మాత్రం విమర్శకులు కాదు, నటులు.

పునఃప్రదర్శనల్లో ఒక తప్పు తరచుగా జరుగుతుంది. రెండు గంటల్లో ముగించాలి కాబట్టి గిరీశాన్ని ఉంచి మిగతావాళ్ళని కోస్తారు. గిరీశం డైలాగులకి చప్పట్లు గ్యారంటీ. ముందు పోయేది లుబ్ధావధాన్ల కూతురు మీనాక్షి. విధవ, రామప్ప పంతులు చేతిలో మోసపోయిన మనిషి, ఆ నాటకంలో ఆమెకి న్యాయం చేసేవాళ్ళు ఎవరూ లేరు. తర్వాత పోయేవి సారా దుకాణం సీను, కచేరీ సీన్లు. మిగిలేది ఒక కిలాడీ కుర్రాడి హాస్య నాటకం. అది ఆడితే జనం నవ్వుకుంటూ ఇంటికి వెళతారు, కానీ ఆ 1,034 పిల్లల లెక్క ఎక్కడో జారిపోతుంది. బుచ్చమ్మని గిరీశం నుంచి తప్పించి పూనాలో వితంతువుల శరణాలయానికి పంపుతున్నారన్న మాట హడావుడిలో ఎవరికీ వినపడదు. నాటకం పుట్టిందే ఆ మాట కోసం.

కోత తప్పదన్నది నిజం. పరిషత్తు పోటీలకి గంట, హాలు అద్దెకి మూడు గంటలు, ఆఖరి బస్సుకి ఒక టైము. రేవులోనో, ఉక్కునగరంలోనో షిఫ్టు దిగి వచ్చే నటుడి దగ్గర ఏడు అంకాలు బట్టీ పట్టమనడం అన్యాయం. అయినా ఏది కొయ్యాలో తెలిసినవాళ్ళు మధురవాణి, సౌజన్యారావుల విశాఖ సీను ముట్టుకోరు. ఒక గది, రెండు కుర్చీలు, ఇద్దరు మనుషులు. పెద్ద సెట్టు అక్కర్లేదు, రంగుల లైట్లు అక్కర్లేదు. చిన్న వేదికకి ఇంతకన్నా అనువైన సీను తెలుగులో దొరకడం కష్టం. ముందు వరసలో కూర్చున్నవాడికి ఆ నటి కళ్ళు కనపడాలి, అంతే.

గురజాడ స్వయంగా రాసిన పొట్టి కన్యాశుల్కం కూడా ఒకటి ఉంది. అయిదు అంకాల ఆ మొదటి కూర్పు చాలాకాలం మరుగున పడి, 1969లో మళ్ళీ అచ్చులోకి వచ్చింది. టైముకి అదే బాగా సరిపోతుంది, కోసే బాధ కూడా తక్కువ. కానీ సమాజాలు ఎత్తుకునేది, ప్రేక్షకులు టికెట్టు కొనేది రెండోదానికే. మధురవాణి అంతటి మనిషిగా ఎదిగింది అందులోనే.